అంతా అంటే ఎంత

మొదలు వెతుకుతూ పోయినవానికి మొదలు చిక్కనివాడు, తుద వెతుకుతూ పోయినవానికి తుద కనపడనివాడు, అయినా శ్రీశైలం కొండ మీద చిన్న రాయిగా కూర్చుని వచ్చిన ప్రతి కూలి మనిషినీ తన మీద తల ఆనించనిచ్చేవాడు, ఆ మల్లికార్జునస్వామికీ ఆయన సన్నిధిలో ఉన్న భ్రమరాంబ తల్లికీ ముందుగా నమస్కారం. ఆయన దయ లేనిదే నోట మాట రాదు, చేత అక్షరం పడదు. ఈ రాతలో మంచి ఏమైనా ఉంటే ఆయనది. తప్పులు నావి.

ఇక ఆమె సంగతి.

ఆమె పోయి ఇంకా నెల కాలేదు. బేతంచెర్లలో మా భజన మందిరం వెనక వీధిలో ఆమె ఇల్లు. ఆ రోజు ఆడవాళ్ళు స్నానం చేయించి, కొత్త చీర కట్టి, ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. పసుపు కుంకుమల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. మొగుడు ఉన్న మనిషిగా సాగనంపాలా, లేని మనిషిగానా? కుంకుమ గిన్నె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ చివరికి ఆమె కూతురి దగ్గరికి వచ్చింది. ఎర్రగుంట్లలో కాపురముండే పిల్ల, ఒక్కతే సంతానం. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నా వైపు తిరిగి అడిగింది.

"మామా, పురాణం చెప్పేవానివి. నువ్వే చెప్పు. పెట్టల్నా, వద్దా?"

ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు చివర్లో చెబుతాను. ఆ జవాబు నాది కాదు, ఆమె దగ్గర నేర్చుకున్నది. అందుకే ముందు ఆమెను చూపించాలి.

స్టేషన్ రోడ్డులో ఆమెకు ఉగ్గాని బండి ఉండేది. తెల్లారేసరికి బొరుగులు తడిపి తిరగమోత పెట్టి, పక్కనే మిరపకాయ బజ్జీలు వేసేది. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలకు పోయే కూలీలు, రైలు దిగినవాళ్ళు, బండలు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లు ఆమె దగ్గరే తినేవాళ్ళు. మా ఊళ్ళో రాతిపొడి చెట్ల మీదా మనుషుల మీదా ఒకేలా పడుతుంది. ఆమె మాత్రం పొద్దున్నే రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు పెట్టుకుని వచ్చేది. తెల్లటి ఆ వీధిలో ఆ బొట్టు దూరం నుంచే కనిపించేది.

తినేవాళ్ళను ఊరికే తిననిచ్చేది కాదు. 

"యాడికిప్పుడు?" అని మొదలుపెట్టేది.

"మద్రాసుకవ్వా," అనేవాడు డ్రైవరు.

"ఆ పక్క ఏముండాది?"

"సముద్రం."

"ఆ పక్క?"

"నా లైసెన్సు రోడ్డు ఉండేదాకేనవ్వా. సముద్రంలో ఎవురూ బండలు పరిపించుకోరు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. గరిటెతో వాడిని చూపించి, "సూడండి, ఈ పిల్లోడు నిజం చెప్పినాడు. యాడిదాకా తెలుసో ఆడిదాకే చెప్పినాడు," అని వాడి కాగితంలో ఇంకో బజ్జీ వేసేది. దానికి దుడ్లు తీసుకునేది కాదు. "తెలీదు" అన్న మనిషికి ఆమె దగ్గర ఎప్పుడూ ఒక బజ్జీ ఎక్కువ. అదే ఎవడైనా "దేశమంతా తిరిగినానవ్వా" అన్నాడంటే వాడి పని అయిపోయినట్టే. గరిటె బాణలి అంచున ఆనించి, వాడి ముఖంలోకి చూసి, "అంతా అంటే ఎంతప్పా?" అనేది.

సోమవారం సాయంత్రం మందిరంలో నేను పురాణం చదువుతాను. మా నాయన చదివేవాడు, ఆయన తర్వాత నేను. ఆమె గడప పక్కన స్తంభానికి దగ్గరగా కూర్చునేది, ఆనుకునేది కాదు. నేను చదువుతూ ఉంటే ఆమె కుడిచేయి నేల మీద బండను జానలతో కొలుస్తూ ఉండేది. బండ అంచు దాకా వచ్చి ఆగేది, మళ్ళీ వెనక్కి కొలిచేది. సర్వలోకాలు, సమస్త జీవులు అన్న మాటలు వచ్చినప్పుడు ఆ చెయ్యి ఆగేది. అప్పుడు నాకు తెలిసిపోయేది, అడుగుతుందని.

ఒక సోమవారం పద్నాలుగు లోకాల వర్ణన చదివాను. పైన ఏడు, కింద ఏడు. ఆమె చెయ్యెత్తింది.

"ఆ పైదాని పైన ఏముండాదప్పా?"

"స్వామి ఉంటాడక్కా."

"స్వామి అవతల?"

"స్వామికి అవతల అనేది లేదు. ఆయన అనంతుడు."

"అనంతం అంటే ఏం? శానా పెద్దదనా?"

"పెద్దది కాదక్కా, ముగింపు లేనిది."

"ముగింపు ల్యాదని పోయి చూసొచ్చినారా?"

"చూసొస్తే ముగిసినట్టే గదా."

"మరి చూడకుండా ఎట్ల చెప్తాండారు?"

"మన పెద్దలు చెప్పినారు."

"పెద్దలు యాడిదాకా పోయినారు?"

మందిరం పెద్దమనిషికి హారతి ఆలస్యమవుతోందని కోపం వచ్చింది. "నువ్వు ఊరకుండమ్మా. నీ ప్రశ్నలకు కర్పూరం గూడా ఆరిపోతాది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె లేచి హారతి కళ్ళకద్దుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగి నెమ్మదిగా అంది.

"తెలీదంటే తెలీదని చెప్పప్పా. అనంతమని పెద్దమాట చెప్పి నన్ను కూచోబెట్టొద్దు."

నేను చిన్నప్పటి నుంచి ఆ మాటలోనే పెరిగాను. స్వామికి ఎల్ల లేదంటే నాకు ధైర్యం. ఎక్కడ పడ్డా ఆయనలోనే పడతానని. నాకు అనంతం తల్లి ఒడి లాంటిది. ఆమెకు అది అడవి అని అప్పటికి నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది, ఎందుకంటే ఆమె కథ ఊరందరికీ తెలిసిందే.

ఆమె భర్త బండలు పరిచే మేస్త్రీ. ఊరందరి ఇళ్ళకూ నేల వేసి, చివరికి తన ఇంటికి మొదలుపెట్టాడు. ఒక్క మూల మిగిలింది. అంతలో శివరాత్రి వచ్చింది. ఏటా ఆయన నల్లమల అడవిలో నుంచి నడిచి శ్రీశైలం పోయేవాడు. "పోయొచ్చి ఏస్తాలే," అని ఆ మూలను అట్లాగే వదిలి, భుజాన మూట వేసుకుని బయలుదేరాడు. దారిలో నాగలూటి దగ్గర చూసినవాళ్ళు ఉన్నారు. పెద్దచెరువు దగ్గర ఆయనతో కలిసి తిన్నవాళ్ళు ఉన్నారు. భీముని కొలను లోయలో మెట్లు దిగుతుంటే చూశామన్నవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత చూసినవాళ్ళు లేరు. కొండ మీదికి ఆయన చేరలేదు.

ఆయన అన్న, అంటే ఆమె బావ, మనుషులను వెంటేసుకుని అడవికి పోయాడు. కొన్నాళ్ళకు వట్టి చేతులతో తిరిగొచ్చి గడప బయటే నిలబడి, "అంతా వెతికినాం తల్లీ," అన్నాడు. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆమె ఏడవలేదు. ఆయన ముఖంలోకి చూసి, "అంతా అంటే ఎంత బావా?" అంది.

అదే మొదటిసారి. తర్వాత జీవితమంతా డ్రైవర్లను, రైలు దిగినవాళ్ళను, నన్ను, నా వెనకున్న పెద్దలందరినీ ఆమె అడిగింది ఆ ఒక్క ప్రశ్ననే.

ఆ మూలలో ఆమె బండ వేయనియ్యలేదు. మట్టినేలను ఎర్రమన్నుతో అలికి, చిన్న ముగ్గు పెట్టి, సాయంత్రం అక్కడే కూర్చునేది. బొట్టు తీయలేదు. తాళి తీయలేదు. పేరంటాలలో తాంబూలం ఇవ్వడానికి కొందరు తటపటాయించేవాళ్ళు. ఆమె తానే చెయ్యి చాచి, "నాకు తెలిసేదాకా ఈయండి. తెలిసినాక నేనే మానుకుంటా," అని తీసుకునేది.

ఒక పొద్దున కాలేజీలో సైన్సు చెప్పే ఒక మేడమ్ నంద్యాల రైలు కోసం వచ్చి ఆమె బండి దగ్గర నిలబడింది. నేనూ అక్కడే ఉన్నాను. మామూలుగానే అక్క మొదలుపెట్టింది. నంద్యాల అవతల, సముద్రం అవతల, చంద్రుని అవతల, నక్షత్రాల అవతల. ఆ మేడమ్ నవ్వకుండా, ఓపిగ్గా చెప్పుకుంటూ పోయింది. చివరికి ఇట్లా అంది.

"అవ్వా, మనం చూడగలిగేదానికి ఒక హద్దుంది. దాని అవతల నుంచి వెలుగు ఇంకా మన దాకా చేరలేదు. కొన్నిచోట్ల నుంచి ఎప్పటికీ చేరకపోవచ్చు. అవతల ఎంతుందో, యాడైనా ముగుస్తాదో లేదో, మాకు తెలీదు."

"సదువుకున్నోళ్ళకు గూడా తెలీదా?"

"తెలీదు. తెలుసుకునేదానికి ముగింపు ఉందో లేదో అది గూడా తెలీదు."

ఆ రోజు ఆ మేడమ్‌కు ఒక బజ్జీ కాదు, పొట్లం కట్టి ఇచ్చింది. రైలు కదిలినాక నాతో అంది, "విన్నావా? ఆయమ్మ శానా సదివింది గాబట్టి తెలీదనింది. అవతల ఏమీ ల్యాదని అనలేదు, గమనించినావా? కనపడని చోటును ల్యాదనలేదు."

"స్వామికి అట్లాంటి హద్దు లేదక్కా. ఆయన చూపు ఎక్కడికైనా పోతాది," అన్నాను నేను.

"ఆయన చూస్తాడులేప్పా. నేను చూడల్ల గదా."

నాకు ఊరట చిక్కేది కాదు. పురాణం తెరిస్తే ఆమె చెయ్యి గుర్తొచ్చేది. నా స్వామి అనంతుడైతే, ఆ అనంతంలో తప్పిపోయిన మనిషి సంగతి ఏమిటి? నమ్మకం తగ్గలేదు, అబద్ధం చెప్పను. కానీ ముందు కూర్చుని నమ్మినవాణ్ణి, ఇప్పుడు పచార్లు చేస్తూ నమ్మాల్సి వచ్చింది.

ఆ మనిషి పోయి పన్నెండేళ్ళు దాటాక ఆమె బావ నన్ను పిలిపించాడు. మనిషి జాడ లేకుండా అన్నేళ్ళు గడిస్తే దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించడం మనలో ఉన్నదే. పురోహితుడు ఒప్పుకున్నాడు. ఆమె ఒప్పుకోవాలి. "నీ మాటంటే దానికి గురి. నా తమ్ముడు తర్పణం నీళ్ళు లేకుండా తిరుగుతాండాడు. నువ్వు పోయి చెప్పు," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయనదీ చిన్న బాధ కాదు.

పోయాను. ఆమె మట్టిమూలలో కూర్చుని చింతకాయ వలుస్తోంది. నన్ను బండ మీద కూర్చోమంది. 

"బావ పంపించినాడా?"

"ఊఁ."

"చెప్పు. విందాం."

దైవం ముందు మనిషి తెలివి ఎంత చిన్నదో చెబితే మెత్తబడుతుందని అనుకున్నాను. అందుకని వెలుగుస్తంభం కథ ఎత్తుకున్నాను. స్వామి ఆద్యంతాలు లేని స్తంభంగా నిలబడ్డాడు. విష్ణువు అడుగు వెతకడానికి కిందికి పోయాడు. బ్రహ్మ తుద వెతకడానికి పైకి పోయాడు. ఇద్దరికీ దొరకలేదు. విష్ణువు తిరిగొచ్చి దొరకలేదని ఒప్పుకున్నాడు. బ్రహ్మ మాత్రం చూశానన్నాడు, మొగలిపువ్వు చేత సాక్ష్యం చెప్పించాడు.

"బ్రహ్మకు ఏమైంది?" అంది, ఆమెకు తెలిసి కూడా.

"శాపం తగిలింది. పూజ లేకుండా పోయింది."

"మొగలిపువ్వుకు?"

"దానికీ శివపూజ లేదు."

ఆమె చింతకాయ పక్కన పెట్టింది. "నేను పైకీ పోల్యా, కిందికీ పోల్యా. పోయినోళ్ళు దొరకలేదని చెప్తే నమ్ముతా. ఆయన చచ్చిపోయినాడని చెప్పమంటే అది చూసినానని చెప్పడం గదప్పా. నన్ను మొగలిపువ్వును చేస్తాండారు మీరు."

నేను తెచ్చిన కథే. నా నాయన దగ్గర నేర్చుకున్న కథే. అన్నేళ్ళు చెప్పి కూడా అందులో అది ఉందని నాకు తెలియలేదు.

అయినా వదలకుండా, "దేనికైనా ఒక ముగింపు ఉండాలక్కా, లేకుంటే మనిషి బతకలేడు," అన్నాను.

"మరి నువ్వు పురాణం ముగిస్తాండావా?"

మా మందిరంలో ఒక ఆచారం ఉంది. పురాణం పూర్తయిన రోజు మంగళం పాడి, ఆసనం మీద నుంచి లేవకుండానే మళ్ళీ మొదటి అధ్యాయం ఎత్తుకుని కొంచెం చదివి, అప్పుడు పుస్తకాన్ని గుడ్డలో కడతాము. అయిపోయిన పుస్తకంగా కట్టకూడదని మా నాయన చెప్పేవాడు. స్వామి కథకు ముగింపు పెట్టే అధికారం మనకు లేదని. ఆమె ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది.

"అయిపోయినాక గూడా అయిపోలేదని కొంచెం మిగిలించుకుంటారు మీరు. అది భక్తి," అంది. అరచేత్తో తాను కూర్చున్న మట్టిని తట్టింది. "ఈ మూలను నేను మిగిలించుకుంటే మొండితనమా?"

లేచి వచ్చేశాను. బావకు ఏమీ చెప్పలేకపోయాను. ఆయన నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆమె గడప తొక్కడం మానేశాడు. కర్మ జరగలేదు.

ఈ వానాకాలం ఆమె మంచం పట్టింది. బండి మూలపడింది. సాయంత్రాలు పోయి ఆమె పక్కన కూర్చుని పురాణం చదివేవాణ్ణి. మంచాన్ని ఆ మూలకు దగ్గరగా వేయించుకుంది, చెయ్యి జారవిడిస్తే మట్టి తగిలేలాగా. ప్రశ్నలు తగ్గాయి. జానతో కొలవడం మాత్రం ఆగలేదు.

ఒకరోజు నేను చదువుతుంటే ఆపింది.

"అప్పా, నేను పోతే, ఆడ నాకు తెలుస్తాదా? ఆయన యాడుండేది?"

ఆమె అడిగినవాటిలో నాకు జవాబు కావాలని మనసు కొట్టుకున్నది ఈ ఒక్కటే. తెలుస్తుంది అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. అని ఉంటే ఆ పూట ఆమెకు సుఖంగా ఉండేదేమో. నాకూ ఉండేది. కానీ ఆ కళ్ళ ముందు ఆ మాట రాలేదు.

"నాకు తెలీదక్కా," అన్నాను. "స్వామికి తెలుసు. నాకు తెలిసింది అంతవరకే."

ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చింది. ఆమె నవ్వడం నేను చూసింది తక్కువ.

"ఇన్నాళ్ళకు చెప్పినావప్పా. బండి ఉండింటే నీకొక బజ్జీ ఏద్దును."

తర్వాత కొద్ది రోజులకే పోయింది.

ఇప్పుడు ఆ వాకిట్లోకి వస్తాను. కూతురి చేతిలో కుంకుమ గిన్నె. అందరి చూపులూ నా మీద. "నాకు తెలీదమ్మా," అన్నాను. "తెలిసినట్టు చెప్తే మీ అమ్మ ఒప్పుకోదు."

ఆడవాళ్ళలో ఎవరో విసుక్కున్నారు. "తెలీకపోతే ఎట్ల? పొద్దు పోతాండాది."

"పెట్టండి."

గోడ వారగా నిలబడి ఉన్న ఆమె బావ అన్నాడు ఆ మాట. బాగా ముసలివాడయ్యాడు. కర్ర పట్టుకుని నాలుగడుగులు ముందుకు వచ్చాడు. కర్మ చేయించాలని పట్టుబట్టిన మనిషి, అన్నేళ్ళు ఆ గడప తొక్కని మనిషి. అందరూ ఆయన వైపు తిరిగారు.

"భీముని కొలను దాకా దిగినాము," అన్నాడు, ఆమెతో మాట్లాడుతున్నట్టు. "ఎడమ పక్క లోయ శానా లోతు. చీకటిగా ఉండె. దిగేదానికి భయపడితిమి. పైన్నుంచే కేకలేసినాం. పలకలా. ఇంటికొచ్చి అంతా వెతికినామని చెప్తి."

కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు.

"అంతా వెతకలా తల్లీ. నా తమ్ముడు ల్యాడని నేను చెప్పలేను. పెట్టండి."

కూతురు వంగి తల్లి ముఖానికి పసుపు రాసింది. నుదుట కుంకుమ పెట్టింది, ఆమె రోజూ పెట్టుకున్నంత పెద్దగానే. ముసలాయన లోపలికి పోయి, బండలన్నీ దాటి, ఆ మట్టిమూలలో కూర్చున్నాడు. పాడె లేచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆయన ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఆమెకు మేలు జరిగేదా? ఆ లోయలోకి మనుషులను దింపేదా? ఒక ఎముకో, మూటలో మిగిలిన ఒక గుడ్డో దొరికి, ఏడ్చి, ఆ మూలకు బండ వేయించుకుని మామూలుగా బతికేదా? నాకు తెలియదు. రోజూ అనుకుంటాను. మొన్న సోమవారం పురాణంలో సర్వం అన్న మాట వచ్చింది. గడప వైపు చూశాను. స్తంభం పక్కన ఎవరూ లేరు. ఆ మాట మీద వేలు ఆనించి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

చదువుతున్న మీరు కూడా ఎక్కడున్నారో అక్కడే ఒక్క నిమిషం చేతులు జోడించండి. మీ ఇంట్లోనూ బండ పడని మూల ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని తలుచుకుని నాతో పాటు అడగండి.

స్వామీ, మేము వెతికింది కొంచెం. చూసింది కొంచెం. దాన్నే అంతా అని చెప్పుకుని బతుకుతున్నాము, మన్నించు. నీకు హద్దు లేదని మాకు భయం కలిగినప్పుడు, కొండ మీద మా తల ఆనించుకున్నది నువ్వేనని గుర్తు చెయ్యి. ఆ లోయ ఎడమ పక్క కూడా నీదే. అక్కడ పడి ఉన్నా, ఇంకెక్కడున్నా, ఆయన నీకు తప్పిపోలేదని నమ్ముతున్నాము. అడుగుతూ అడుగుతూ వచ్చిన మా అక్కను ఆయన ఉన్న చోటికి చేర్చు. ఆ చోటు ఎక్కడో మాకు తెలియదు. నీకు తెలుసు.